అమెరికా బాస్ సామాను మన కొరమీనుకి, పండుగొప్పకి పనికొస్తుందా?

బుచ్చి_కుర్రోడు (బుచ్చిరెడ్డిపాళెం)
అన్నలందరికీ నమస్తే. మా పెదనాన్న కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. శని, ఆదివారాలు వస్తే అక్కడి చెరువుల్లో బాస్ అనే చేపని పట్టడం ఆయనకి పిచ్చి. సంక్రాంతికి వచ్చి పోతా పోతా పాత సామానంతా నాకిచ్చాడు. ఏడడుగుల మీడియం హెవీ బెయిట్‌కాస్టింగ్ రాడ్డు, దానికి రీలు. ఆరున్నర అడుగుల స్పిన్నింగ్ రాడ్డు, 2500 సైజు రీలు. రెండు పెట్టెల నిండా లూర్లు, అంటే ఉత్తుత్తి ఎరలు: రబ్బరు కప్పలు, రేకు తిరిగే స్పిన్నర్‌బెయిట్లు, నీళ్లలోకి దిగే గట్టి ప్లాస్టిక్ చేపల్లాంటి క్రాంక్‌బెయిట్లు, జిగ్గులు, ప్లాస్టిక్ వానపాములు. ఇంతకాలం మనది వెదురు కర్ర, బెండు, గోధుమపిండి ముద్ద. యూట్యూబులో చూస్తే అన్నీ బాస్ వీడియోలే, మన నీళ్లలో బాస్ లేదాయె. నేను పోయేది కనిగిరి రిజర్వాయరు, నెల్లూరు చెరువు, ఎప్పుడన్నా మైపాడు వైపు. ఇందులో ఏది దేనికి పనికొస్తుందో చెప్పండి.

ఒంగోలు_రీలు
కనిగిరి మా పాత ప్రకాశం జిల్లాది కదా తమ్ముడూ, చేప కోసం బుచ్చి నుంచి అంత దూరం వస్తున్నావా? ఆ ఎండలకి నీకే గాలం పడుద్ది.

బుచ్చి_కుర్రోడు
ఆ కనిగిరి కాదన్నా. కనిగిరి రిజర్వాయరని మా బుచ్చి పక్కనే ఉంది, పెన్న నీళ్లు నిలబెట్టేది. పేరు విని అందరూ మీలాగే అడుగుతారు.

పెన్నగట్టు (నెల్లూరు)
తమ్ముడూ, ఆ సామానులో సగానికి పైగా పనికొస్తుంది. కాకపోతే వీడియోలో చేసినట్టే చేస్తే రాదు.

బాస్, కొరమీను చుట్టాలేం కావు గానీ వేట తీరు దగ్గరదగ్గరగా ఉంటుంది. రెండూ తామరాకు నీడనో, మోడు పక్కనో, నాచు అంచునో కాపు కాసి దగ్గరికొచ్చినదాని మీద పడే రకం. అందుకని ముందు కప్పలు బయటికి తీయి. రబ్బరు కప్పకి రెండు హుక్కులూ వీపుకి ఆనుకుని ఉంటాయి కాబట్టి గుర్రపుడెక్క మీద, తూటికాడ మీద లాగినా ఎక్కడా తగులుకోదు. చేప నోట్లో నొక్కినప్పుడు పొట్ట అణిగి ముళ్లు బయటపడతాయి. కొరమీను నోరు గట్టి ఎముక. హుక్కు మొనల్ని పక్కలకి ఒక్క పిసరు వంచుకో, ఆకురాయితో పదును పెట్టుకో.

ఇక తేడాల సంగతి. కొరమీను గాలి పీల్చే చేప. నీళ్లు ఎంత బాగున్నా పైకొచ్చి గుటక వేయాల్సిందే. బాస్ పట్టేవాడికి లేని సుఖం మనకి అదే, చేప ఎక్కడుందో అదే చెబుతుంది. గట్టు మీద కాసేపు ఊరికే కూర్చుని చూడు. గుటక పడిన చోటు నెత్తి మీద మాత్రం వేయకు, బెదిరి పోతుంది. రెండు మూడు గజాలు అవతల వేసి దాని దారిలోకి మెల్లగా తీసుకురా. ఆకు మీద ఆపు, ఆకు దిగేటప్పుడు ఒక్క క్షణం నిలబెట్టు. ఎక్కువసార్లు దెబ్బ అక్కడే పడుతుంది.

దెబ్బ పడగానే లాగకు. అందరి చెయ్యీ ఆగనిది అక్కడే. నీళ్లు పగిలిన చప్పుడుకి రాడ్డు ఎత్తితే కప్ప ఒక్కటే ఎగిరి మొహం మీదకి వస్తుంది. దారంలో బరువు చేతికి తగలాలి, రాడ్డు కిందికి దించాలి, అప్పుడు నడుము తిప్పి కొట్టాలి. కొట్టాక మళ్లీ ఆలోచన లేదు, తల పైకి ఉండేట్టు గడ్డి మీదుగా లాక్కురావడమే. డ్రాగ్ (రీలు బిగువు) వదిలి ఆడిద్దామనుకుంటే గుర్రపుడెక్క కాడలకి చుట్టేసి కూర్చుంటుంది.

మన దగ్గర అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. చెరువు నిండినప్పుడు చేప పొలాల అంచు దాకా చెదిరిపోయి ఉంటుంది, వెతకడం కష్టం. సంక్రాంతి దాటి నీళ్లు తగ్గే కొద్దీ లోతు చోట్లకి, కలుపు అంచులకి చేరుతుంది. నీకు సామాను సరైన టైములోనే వచ్చింది.

కావలి_సీను
పెన్నగట్టు అన్న చెప్పిందానికి దారం సంగతి కలుపుతా. టెక్సాస్ రీలు మీద ఏ దారం చుట్టి ఉందో ముందు చూసుకో. టంగుసు రకమైతే విప్పేసెయ్, అది రబ్బరులా సాగుతుంది. గడ్డిలో ఇరవై గజాల అవతల ఎముక నోట్లో ముల్లు దిగాలంటే సాగని దారం కావాలి. కప్పకి 40 నుంచి 50 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం) పెట్టుకో, లీడర్ (కొసన కట్టే వేరే దారం ముక్క) వద్దు, నేరుగా పాలోమార్ ముడి వేయి. బిగించే ముందు నోటితో తడుపు. పొడిగా బిగిస్తే రాపిడికి దారం బలం పోతుంది.

స్పిన్నింగ్ రీలుకి 20 పౌండ్లది చాలు. అది కప్పలకి కాదు, చిన్న స్పిన్నర్లకి, సోమశిల లాంటి తేట నీళ్లకి.

ఆ ప్లాస్టిక్ వానపాముల్ని క్రాంక్‌బెయిట్లున్న పెట్టెలో కలిపి పెట్టకు. కొన్ని రకాలు గట్టి ప్లాస్టిక్కుని కరిగించేస్తాయి. రోహిణి కార్తెలో కారులో మర్చిపోయావంటే పెట్టె మొత్తం ఒక్క ముద్ద.

వెదురు_బాబాయ్ (ఆత్మకూరు)
ఒక చేపకి ఇంత సామానా అబ్బాయ్! వెదురు కర్ర, గట్టి టంగుసు, గాలానికి బతికున్న కప్పపిల్ల. నీళ్ల మీద తపతపలాడిస్తే కొరమీను దానంతట అదే వస్తుంది. మా నాయన అట్నే పట్టాడు, నేనూ అట్నే పడుతున్నా. ఆ రీళ్లూ గీళ్లూ కొనే డబ్బులు పెడితే బజార్లో బోలెడు కొరమీను వస్తుంది.

పెన్నగట్టు (నెల్లూరు)
బాబాయ్, మీ చేతివాటానికి దండం. కర్రతో పట్టడంలో ఉన్న మజా నాకూ తెలుసు. కానీ బోదురు కప్పని వన్యప్రాణి చట్టం కింద కాపాడుతున్నారు. కప్ప కాళ్ల ఎగుమతిని 1987లోనే ఆపేశారు. పొలంలో కప్ప తగ్గితే పురుగు పెరుగుద్దని మనకి వేరేవాళ్లు చెప్పాలా? రబ్బరు కప్ప ఒకటి కొంటే సీజనంతా వస్తుంది. మీ కర్రకే కట్టి చూడండి, నడుస్తుంది.

వెదురు_బాబాయ్ (ఆత్మకూరు)
ఒకటి పంపించు, చూస్తా. పడకపోతే తిరిగి ఇచ్చేస్తా.

కంభం_కట్ట
తమ్ముడూ, వీడియోల్లో చూసి ఉంటావు, నీళ్ల మీద ఎర్రగా చిన్న పిల్లల గుంపు కదులుతుంటే దాని మీద కప్ప వేయడం. పక్కా దెబ్బ పడుతుంది. ఎందుకంటే కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి, ఆకలి లేకపోయినా పిల్లల మీదకి ఏది వచ్చినా కొడతాయి. దయచేసి ఆ పని చేయొద్దు. పెద్దదాన్ని తీసేస్తే ఆ గుంపుని జెల్లలు, గురకలు, కొంగలు ఒక్క పూటలో ఖాళీ చేస్తాయి.

మా కంభం చెరువు సంగతి తెలిసినవాళ్లకి ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. గుండ్లకమ్మకి అడ్డంగా విజయనగర రాజుల కాలంలో కట్టిన చెరువు, 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాలో కూడా చేరింది. అంత పెద్ద చెరువు కూడా వరసగా వానల్లేకపోతే ఎండిపోతుంది. మళ్లీ నిండినప్పుడు బురదలో, మడుగుల్లో మిగిలిన కొద్ది చేపల నుంచే సంతతి రావాలి. మత్స్యకార సంఘం వాళ్లు వదిలే పిల్లల్లో బొచ్చె, శీలావతే ఎక్కువ. కొరమీను తనంతట తాను పెరగాల్సిందే.

ఒంగోలు_రీలు
అన్నా, చెప్పేది బాగానే ఉంది. వలలు వేసేవాళ్లు పిల్లా పెద్దా చూడకుండా ఎత్తుకుపోతుంటే గాలం వేసే నలుగురం మానుకుంటే ఏమొస్తుంది? నేను పిల్లగుంపు మీద వేస్తా, దాచుకునేదేం లేదు. పడితే ఫోటో తీసి అక్కడే వదిలేస్తా. రెండు నిమిషాల్లో మళ్లీ పిల్లల దగ్గరికి పోతుంది.

కంభం_కట్ట
పోతుందని ఎవరు చూశారు? గట్టు మీద మట్టిలో దొర్లించి, దవడలో రెండు ముళ్లు దింపి వదిలినదానికి కాపలా కాసే ఓపిక ఎంత ఉంటుంది? ఆ కాసేపు పిల్లలు ఎవరి పాలు?

టెక్సాస్_అన్న
మా తమ్ముడు లింకు పంపితే వచ్చాను. ఈ గొడవ మా దగ్గర కూడా ఉంది. వసంతంలో మగ బాస్ ఒడ్డు దగ్గర గులకరాళ్ల మీద తోకతో గూడు ఊడ్చుకుని, గుడ్లు పెట్టాక అదే కాపలా కాస్తుంది. ఆడది వెళ్లిపోతుంది. తేట నీళ్లలో గూడు పైనుంచి కనబడుతుంది కాబట్టి చూసి మరీ పట్టేవాళ్లున్నారు. పట్టి వెంటనే వదిలితే నష్టం లేదని వాళ్లు, గూడు దోపిడీ అయిపోతుందని వీళ్లు. కాపలా చేపని లేపిన కాసేపట్లోనే చిన్న చేపలు గూడు మీద పడటం నేను కళ్లారా చూశాను. కాబట్టి నా ఓటు కంభం అన్నకే.

ఇక్కడ ఒక్క బాస్ కోసం మనుషులు ఎంత దూరం పోతారో చెబితే నవ్వుతారు. జార్జియాలో 1932 జూన్ 2న జార్జ్ పెర్రీ పట్టిన 22 పౌండ్ల 4 ఔన్సుల చేప, అంటే పది కిలోల పైచిలుకు, ఇప్పటికీ రికార్డే. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా దాదాపు ఒక ఔన్సు ఎక్కువ బరువున్నది పట్టాడు. పాత రికార్డు కొట్టాలంటే కనీసం రెండు ఔన్సులు ఎక్కువ తూగాలని రూలు. అందుకని ఇద్దరి పేర్లూ పక్కపక్కనే పెట్టారు.

ఉప్పుటేరు (ముత్తుకూరు)
అందరూ కొరమీను దగ్గరే ఆగిపోయారు. బాస్ సామానుకి మన తీరంలో సరైన జోడీ పండుగొప్ప. ఆస్ట్రేలియా వాళ్లు బారాముండి అని పండగ చేసుకునేది దీన్నే. మోడులు, వంతెన స్తంభాలు, మడచెట్ల వేర్ల పక్కన నీడలో నిలబడి, కొట్టాక బాస్ లాగే గాల్లోకి ఎగిరి తల విదిలిస్తుంది. బలం మాత్రం బాస్ కన్నా చాలా ఎక్కువ.

అందుకే ముందు హుక్కులు మార్చు. ఆ క్రాంక్‌బెయిట్లకి వచ్చే సన్న ట్రెబుల్ (మూడు ముళ్ల) హుక్కుల్ని పండుగొప్ప నిటారుగా చాపేస్తుంది. గట్టి రకం, ఉప్పునీటికి ఆగేవి వేసుకో, రింగులు కూడా. లీడర్ ఇక్కడ తప్పదు. దాని చెంప రేకు అంచు బ్లేడే. 40, 50 పౌండ్ల లీడర్ రెండు మూరలు పెట్టు. అదే కారణానికి చేపని చెంప దగ్గర చేత్తో పట్టుకోకు, కింది దవడని గ్రిప్పుతో పట్టు. బాస్‌ని బొటనవేలితో దవడ పట్టుకుని ఫోటో దిగినట్టు పెద్ద పండుగొప్పని ఒంటిచేత్తో వేలాడదీయకు, దాని బరువుకి దవడ దెబ్బతింటుంది. కింద రెండో చెయ్యి వేయి.

టైము గడియారం చెప్పదు, పోటు చెబుతుంది. మన తీరంలో పోటు, పాటు తేడా మీటరు అటూ ఇటూనే. అంత కొంచెమే అయినా ఏరు నోటి దగ్గర నీళ్లు లాగుతాయి. అమావాస్యకి, పౌర్ణమికి లాగుడు ఎక్కువ. పాటు మొదలై చిన్న కాలువల్లోంచి, మడుగుల్లోంచి నీళ్లు ఏట్లోకి దిగేటప్పుడు రొయ్యలు, చిన్న కత్తిపరిగెలు వాటితో కొట్టుకొస్తాయి. పండుగొప్ప ఆ మలుపు దగ్గరే నిలబడి ఉంటుంది. నువ్వు ఎగువకి వేసి, లూరు నీళ్లతో పాటు దిగేట్టు చూడు. వెండి రంగు మిన్నో (సన్న చేపలాంటి లూరు) గానీ, జిగ్‌హెడ్‌కి (బరువు తల ఉన్న హుక్కుకి) గుచ్చిన తోక ఊపే రబ్బరు చేప గానీ చాలు. నీళ్లు కదలకుండా నిలబడ్డప్పుడు టీ తాగు.

చోట్లు అడుగుతావు, పెద్దగా రహస్యమేం లేదు. బకింగ్‌హామ్ కాలువ వంతెనలు, ఊటుకూరు వైపు పెన్న మొగ, మా వైపు ఏటి ఒడ్లు. కృష్ణపట్నం పోర్టు జెట్టీల వైపు పోవద్దు, సెక్యూరిటీ వాళ్లు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. రొయ్యల గుంటల్లో వేయడం అంటే దొంగతనమే, అది చెప్పనక్కర్లేదు అనుకుంటా.

ఇంకొకటి. పండుగొప్ప పుట్టినప్పుడు మగది, బాగా పెద్దయ్యాక ఆడదిగా మారుతుంది. అంటే నీకు పడే భారీ చేప దాదాపుగా గుడ్లు పెట్టే ఆడదే. కూరకి రెండు మూడు కిలోలది చాలు. ఆ పైది వదిలితే నాకు సంతోషం. పులుసులో రుచి కూడా చిన్నదాందే ఎక్కువ, మామిడికాయ పడిందా ఇంక మాట్లాడకు.

కావలి_సీను
ఇంటికి రాగానే రీలు మీద మంచినీళ్లు చిలకరించి తుడువు. పంపు కింద ఫోర్సుగా పెడితే ఉప్పు లోపలికి పోతుంది. బేరింగ్ పోయాక ఏ నూనె పోసినా గరగర తగ్గదు.

సూళ్లూరు_పడవ
పులికాట్ సంగతి ఎవరన్నా అడుగుతారేమోనని ముందే చెబుతున్నా. అది పక్షుల అభయారణ్యం. ఫ్లెమింగోలు దిగే రోజుల్లో బోటు తీసుకుని లూర్లు విసురుతా పోతే ఫారెస్టు వాళ్లు పట్టుకుంటారు. చేపలు పట్టే హక్కు విషయంలో మత్స్యకార గ్రామాలకి వంతుల పద్ధతి ఉంది, తరాల నుంచి నడుస్తోంది. అడగకుండా వాళ్ల వల దగ్గర గాలం వేస్తే గొడవ ఖాయం. ఊళ్లో తెలిసినవాళ్లతో మాట్లాడుకుని పొండి.

చెరువులకీ అంతే. చాలా చెరువులు మత్స్యకార సంఘాలకి లీజులో ఉంటాయి. పెద్దాయన ఎవరో కనుక్కుని ఒక మాట అడిగితే చాలామంది ఏమీ అనరు. పడింది చూపించి, నవ్వి, వచ్చేయడమే.

సోమశిల_గాలి
తమ్ముడి పెట్టెలో క్రాంక్‌బెయిట్లు మిగిలిపోయాయి కదా, వాటికి మా సోమశిల ఉంది. 78 టీఎంసీల నీళ్లు, రాతి ఒడ్లు, గడ్డి తక్కువ, లోతు ఎక్కువ. అక్కడ కప్పతో పనిలేదు. నీళ్లు దిగేటప్పుడు బయటపడే రాతి కోనల పక్కన లోతుకి దిగే క్రాంక్ వేసి, రాయికి తగిలేట్టు లాగు. తగిలి పక్కకి గెంతినప్పుడు వాలుగ కొడుతుంది. బాస్ వాళ్లు కూడా ఇదే చెబుతారు, క్రాంక్ అడుగుకి తగలకపోతే వేస్టని. వాలుగ నోటి నిండా సన్న పళ్లు, వేలు పెట్టకు. ప్లయర్లు లేకుండా పోనేపోకు. గేట్ల కింద ఏట్లో మాత్రం నిలబడకు, నీళ్లు ఎప్పుడు వదులుతారో మనకి చెప్పి వదలరు.

జెల్ల పడితే దాని ముల్లుతో జాగ్రత్త. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి పెడితే మంట తగ్గుతుంది. ముక్క లోపల విరిగితే ఆస్పత్రికే.

ఒంగోలు_రీలు
ఇంతమంది ఇన్ని చెప్పారు, స్పిన్నర్‌బెయిట్ గురించి ఒక్కరూ చెప్పలేదు. నా పని దాంతోనే. మల్లవరం గుండ్లకమ్మ రిజర్వాయరు అంచుల్లో జమ్ము ఉంటుంది, అక్కడ జమ్ము పక్కగా, గట్టుకి సమాంతరంగా లాగుతా. రేకు తిరిగేది చేతికి తెలుస్తుండాలి, అంతకన్నా వేగం వద్దు. నీళ్లు మట్టిగా ఉన్నప్పుడు కప్ప కన్నా ఇదే మేలు, చేప చూడకపోయినా ఆ అదురు దానికి తెలుస్తుంది. గేట్లు కొట్టుకుపోయి డ్యామ్ ఖాళీ అయినప్పుడు మాత్రం రాడ్డు అటక మీదే.

పిల్లగుంపు మీద మీరు చెప్పింది విన్నా. ఈ సీజనుకి మానేస్తా, కంభం అన్న కోసం. వలల వాళ్లకి కూడా ఇదే చెప్పే మనిషి దొరికితే బాగుండు.

కంభం_కట్ట
మా సంఘం వాళ్లకి నేను చెబుతూనే ఉన్నా రీలన్నా. ఇద్దరు విన్నారు, మిగతావాళ్లు నవ్వారు.

బుచ్చి_కుర్రోడు
అందరికీ థాంక్స్ అన్నా. పొద్దున కనిగిరి రిజర్వాయరుకి పోయొచ్చా, సంఘం పెద్దాయన్ని అడిగే వేశా. బ్రెయిడ్ మార్చా. రెండు దెబ్బలు పడ్డాయి, ఒకటి దక్కింది. కిలో లోపే, ఇంట్లో పులుసైపోయింది. కానీ బెయిట్‌కాస్టర్‌తో టెన్షన్. విసిరిన ప్రతిసారీ స్పూల్ (దారం చుట్టుకునే చుట్ట) మీద దారం చిక్కుపడి పిచ్చుక గూడు లేస్తోంది. టైమంతా చిక్కు విప్పడానికే సరిపోయింది. స్పిన్నింగ్‌కి మారిపోనా?

టెక్సాస్_అన్న
మారొద్దురా. కుడివైపు చక్రం పక్కన చిన్న నాబ్ ఉంది చూడు. కప్ప కట్టి, రాడ్డు అడ్డంగా పెట్టి, బటన్ నొక్కితే కప్ప నెమ్మదిగా దిగాలి. నేలకి తగిలాక స్పూల్ తిరగకూడదు. అక్కడిదాకా నాబ్ బిగించు. ఎడమవైపు మూత మీద డయల్ ఉంది, అది బ్రేకు, మొదట్లో ఎక్కువ నంబరులోనే పెట్టుకో. బొటనవేలు స్పూల్ మీదే ఉండాలి, కప్ప నీళ్లని తాకబోయే ముందు నొక్కి ఆపు. ఎదురుగాలికి వేయకు.

పెన్నగట్టు (నెల్లూరు)
కప్పని ఒకసారి పిండి చూడు. లోపల నీళ్లు చేరితే బరువు మారి గాల్లో అడ్డంగా తిరుగుతుంది, అప్పుడు ఏ బ్రేకు పెట్టినా గూడు లేస్తుంది. ప్రతి పది విసుర్లకీ ఒకసారి పిండుతూ ఉండు. ఆదివారం నేనూ అటు వస్తున్నా, గట్టు మీద కలుద్దాం. దక్కని రెండో దెబ్బ ఎక్కడ పడిందో చూపించు.

వెదురు_బాబాయ్ (ఆత్మకూరు)
నాకు పంపిస్తానన్న రబ్బరు కప్ప కూడా ఆదివారం తీసుకురా. బుచ్చి దాకా నేనే వస్తా, కర్రతో సహా.